మినెసోటాలో నిలకడలేని చలికాలాలు, భూతాపం మీద సందేహాలు: మీరు దీనిని ఎలా చూస్తున్నారు?

ప్రశ్న: హిమరేఖ

సభ్యులందరికీ నమస్కారం. నేను పదేళ్ళకు పైగా అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరంలో ఉంటున్నాను. ఇక్కడి వాతావరణం ఒక పద్ధతికి కట్టుబడదన్న సంగతి ఒక్క శీతాకాలం గడిపినవారికి కూడా తెలుసు. 2019 జనవరి 30న మా నగరంలో ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ ఉదయం కారు స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని బయటకు వెళ్ళిన రెండు నిమిషాలలోనే నా కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, ముక్కుకు అడ్డంగా చుట్టుకున్న ఉన్ని గుడ్డ అంచున ఊపిరి తెల్లగా పేరుకుపోయింది. ఇదే రాష్ట్రంలో 2021 డిసెంబర్ 15న టోర్నడోలు వచ్చాయి. మినెసోటాలో డిసెంబర్ నెలలో టోర్నడో నమోదు కావడం అదే మొదటిసారి. 2022–23 శీతాకాలంలో మా వైపు 90 అంగుళాల మంచు కురిసింది. వాకిలికి ఇరువైపులా పారతో ఎత్తిపోసిన గుట్టలు నా భుజాలదాకా వచ్చాయి. ఆ మరుసటి ఏడాది క్రిస్మస్ నాడు మంచుకు బదులు వాన కురిసింది.

నాతో పనిచేసే ఒక పెద్దమనిషి ఇక్కడే పుట్టి పెరిగారు. ఎంతో మంచివారు, నేను వచ్చిన కొత్తలో మంచు మీద కారు జారకుండా ఎలా నడపాలో దగ్గరుండి నేర్పినది ఆయనే. అయితే చలిగాలి తిరిగిన ప్రతిసారీ ఆయన నా దగ్గరకు వచ్చి, "ఏదీ మీ భూతాపం?" అని అడుగుతారు. 2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేటర్ జేమ్స్ ఇన్‌హోఫ్ మంచు ముద్దను సెనేట్ సభలోకి తీసుకువచ్చి చూపించినప్పుడు చేసిన వాదన కూడా ఇదే. ఆ సంవత్సరమే అప్పటివరకు నమోదైన వాటిలో ప్రపంచమంతటా అత్యంత వేడి సంవత్సరంగా తేలింది. ఈ మాట ఆ పెద్దమనిషికి చెప్పి చూశాను, కానీ కిటికీ అవతల కళ్ళెదుట కనబడుతున్న మంచు ముందు ఆ లెక్క నిలబడలేదు.

నన్ను ఇంకా కలవరపెడుతున్న విషయం వేరే ఉంది. 2023–24లో చలి అంతంతమాత్రంగా ఉన్నప్పుడు మా వీధిలో అందరమూ సంతోషించాము, నేను కూడా జనవరిలో పలుచని కోటుతో నడకకు వెళ్ళి హాయిగా తిరిగివచ్చాను. ఒక రోజు చలిని చూసి భూతాపం లేదనడం తప్పయినప్పుడు, ఒక వెచ్చని శీతాకాలాన్ని చూసి ఇదే భూతాపం అనడం మాత్రం ఎలా ఒప్పవుతుంది? ఆ పెద్దమనిషితో నేను దేని ఆధారంగా మాట్లాడాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

జవాబు: గాలివాటం

హిమరేఖ గారూ, మీ చివరి ప్రశ్న న్యాయమైనది. ఒక్క శీతాకాలం దేనినీ రుజువు చేయదు, అది చలిదైనా వెచ్చనిదైనా అంతే. నేను వాతావరణ శాస్త్రం చదువుకున్నవాడిని కనుక నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

ముందుగా ఒక చిన్న మాట. మన పాఠ్యపుస్తకాలు రెండు మాటలు విడిగా నేర్పాయి: ఈ రోజు ఎండా వానా ఎలా ఉన్నాయో చెప్పేది వాతావరణం, ముప్పై ఏళ్ళ సగటు మీద ఒక ప్రాంతపు తీరును చెప్పేది శీతోష్ణస్థితి. పత్రికలు వచ్చేసరికి రెండింటికీ వాతావరణం అన్న ఒక్క మాటే మిగిలింది. "వాతావరణ మార్పు" అనగానే మన చెవికి పొద్దున ఎండ, సాయంత్రం వాన అన్న అర్థమే ముందు తోస్తుంది. మీ సహోద్యోగికి ఈ గందరగోళం ఆయన భాషలో లేకపోవచ్చు కానీ, మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఇది చాలా పెద్ద అడ్డంకి అని నా అనుభవం.

ఇక మినెసోటా సంగతి. ఈ నేల ఖండం నడిబొడ్డున ఉంది, చలిని మెత్తబరచడానికి దగ్గరలో సముద్రం లేదు. ఉత్తరాన ఆర్కిటిక్ వరకు గాలిని ఆపే పర్వతశ్రేణి లేదు, దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుండి వచ్చే తేమగాలికీ అడ్డు లేదు. ఆ రెండింటి మధ్య సరిహద్దులాగా చాలా ఎత్తున పశ్చిమం నుండి తూర్పుకు పరుగెత్తే గాలిప్రవాహం జెట్ స్ట్రీమ్. అది దక్షిణానికి వంగిన వారం ఉత్తరపు చలిగాలి, ఉత్తరానికి వంగిన వారం దక్షిణపు వెచ్చని గాలి మన మీదకు వచ్చిపడుతుంది. అందుచేత ఇక్కడి ఊగిసలాట కొత్తది కాదు. 1991లో హాలోవీన్ నాడు మొదలైన మంచు తుపాను ఈ రాష్ట్రంలోని డులూత్ నగరంలో దాదాపు 37 అంగుళాల మంచు కురిపించింది. టవర్ అనే ఊరిలో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, రాష్ట్ర చరిత్రలో అంతకు మించిన చలి లేదు. ఇక్కడివారు ఈ కథలు వింటూ పెరిగారు, విపరీతం వారికి మామూలే. అందువల్లనే మార్పు వారి కంటికి ఆనదు.

ఊయల ఊగుతుండగానే దానిని కట్టిన దూలాన్ని కొంచెం కొంచెంగా పైకి ఎత్తారనుకోండి. ఊపు అలాగే ఉంటుంది, ఊయల కిందికి వచ్చినప్పుడల్లా నేలకు దగ్గరగానే ఉన్నట్లు అనిపిస్తుంది, కానీ మునుపటంత దగ్గరగా రాదు. 1895 నుండి చూస్తే మినెసోటా సగటు ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగింది. అందులోనూ ఎక్కువ పెరిగినది వేసవి మధ్యాహ్నం కాదు, శీతాకాలపు రాత్రి. ఇది చాలా ముఖ్యమైన ఆనవాలు. సూర్యుడు ఎక్కువగా కాచడం వల్ల వేడెక్కితే పగళ్ళే ముందు వేడెక్కాలి, గాలిలో పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. జరుగుతున్నది దానికి విరుద్ధంగా ఉంది: స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది, కింది పొర వేడెక్కుతోంది. కార్బన్ డయాక్సైడ్ దుప్పటి మందమైనప్పుడు ఇలాగే జరుగుతుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల అణువులకు సుమారు 280 ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది.

ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల జెట్ స్ట్రీమ్ బలహీనపడి మరింత మెలికలు తిరుగుతోందని, అందుకే 2019 వంటి చలి విరుచుకుపడుతోందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. 1979 నుండి ఆర్కిటిక్ భూగోళపు సగటు కంటే దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కిందన్నది కొలిచి చూసిన సత్యమే కానీ, దానికీ మన చలిగాలులకీ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తల మధ్య వాదం ఇంకా తెగలేదు. కాబట్టి "ఈ చలికి కూడా భూతాపమే కారణం" అని మీ సహోద్యోగితో అనకండి. అన్నీ మా మాటకే సాక్ష్యం అన్నట్లు వినిపిస్తే ఎవరికైనా అనుమానం కలగడం సహజం.

జవాబు: సరస్సుగట్టు

నేను శాస్త్రం చదవలేదు, కానీ పద్నాలుగేళ్ళుగా ప్రతి చలికాలమూ సరస్సు మంచు మీద చేపలు పడుతున్నాను. మంచుకు రంధ్రం చేసే బర్మా తిప్పేటప్పుడు గట్టి నల్లమంచు అయితే సన్నని పొడి లేస్తుంది, మంచు చెడిపోయి ఉంటే తెల్లని బురదలాంటి ముద్ద పైకి వస్తుంది. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. 2023 డిసెంబర్ చివరి వారంలో నేను వెళ్ళిన చోట ఒడ్డున 5 అంగుళాలు ఉన్నది, యాభై అడుగులు లోపలికి నడిచి కొలిస్తే 2 అంగుళాలు వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు ప్రతి అడుగూ ముందు వేసిన అడుగులోనే వేశాను. ఆ వారంలోనే అప్పర్ రెడ్ లేక్‌లో మంచు పలక ఒడ్డు నుండి విడిపోయి, వంద మందికి పైగా దాని మీద చిక్కుకుపోతే పడవలతో బయటకు తీసుకువచ్చారు. మంచు లేకపోవడం వల్ల ఆ శీతాకాలం జాన్ బేర్‌గ్రీస్ కుక్కబండ్ల పందెం కూడా రద్దయింది.

హిమరేఖ గారూ, మీ సహోద్యోగిని డిగ్రీల గురించి అడగవద్దు, సరస్సు ఎప్పుడు గడ్డకట్టేదో అడగండి. మినెటోంకా వంటి సరస్సుల మంచు ఏ రోజున విడిపోయిందో 1850ల నుండి రాసిపెట్టారు. ఆ తేదీలు రాసినవారెవరికీ భూతాపం గురించి ఏ అభిప్రాయమూ లేదు, పడవలు ఎప్పుడు దింపాలన్నదే వారి ఆలోచన. గడిచిన యాభై ఏళ్ళలో మినెసోటా సరస్సుల మీద మంచు నిలిచే కాలం సగటున 10 నుండి 14 రోజులు తగ్గింది. ఏ ఒక్క ఏడాదీ దీనిని చూపించదు. నేను షెడ్డు తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్న పద్నాలుగు తేదీలలో కూడా ముందువెనుకలు చాలా ఉన్నాయి.

జవాబు: వెచ్చని వేకువ

అందరూ ఒకే మాట చెబుతున్నారు కనుక రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. భూతాపం లేదని నేను అనడం లేదు. అయితే చలిలో బతికే మనిషి చలి తగ్గితే సంతోషించడం అజ్ఞానమూ కాదు, స్వార్థమూ కాదు. రోజూ తెల్లవారుజామున మంచు ఎత్తిపోసి నడుము పట్టేసిన పెద్దవారికి, ఇంటిని వెచ్చగా ఉంచడానికి అప్పు చేసే కుటుంబానికి, ఒక మెత్తని జనవరి నిజంగానే వరం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లోనే లెక్కకట్టిన స్వాంటే అరీనియస్ స్వీడన్ దేశస్థుడు. ముఖ్యంగా చలి ప్రాంతాలవారికి దానివల్ల మేలు కలుగుతుందని ఆయనే 1908లో ఆశపడ్డారు. ఇంకొక సంగతి: 1877–78లో కూడా మినెసోటాలో చలికాలం వచ్చిందా అన్నట్లు గడిచిపోయింది. అప్పుడు రోడ్డు మీద ఒక్క కారైనా లేదు కదా?

జవాబు: గాలివాటం

వెచ్చని వేకువ గారూ, ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను, నాకూ ఉన్నది. 1877–78లో చాలా బలమైన ఎల్ నినో (పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే స్థితి) వచ్చింది, 2023–24లో కూడా ఎల్ నినో ఉన్నది. ఈసారి ఎల్ నినో అప్పటంత బలమైనది కాకపోయినా, మినియాపొలిస్–సెయింట్ పాల్ జంటనగరాలలో 2023–24 శీతాకాలం ఆ పాత రికార్డును దాటిపోయింది. నూట నలభై అయిదేళ్ళు చెక్కుచెదరని రికార్డు అది. నేను చెప్పిన దూలం ఎత్తు ఇదే.

అరీనియస్ అంచనా వేసినంత సాఫీగా ఆ మేలు రావడం లేదన్నదే నా బాధ. సున్నా డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఊగే శీతాకాలంలో పొడి మంచు తగ్గి, పడీ పడగానే గాజులా గడ్డకట్టే వాన ఎక్కువవుతుంది. మంచు ఎత్తిపోసే శ్రమ తప్పిన ఆ పెద్దవారే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. స్కాండినేవియా ఉత్తరాన సామీ ప్రజల రెయిన్‌డీర్లకు ఇంకా పెద్ద కష్టం: మంచు మీద వాన పడి గడ్డకడితే, గిట్టలతో తవ్వి తినే నాచులాంటి లైకెన్ ఆ పలక కింద అందకుండా పోతుంది.

చలి చేసే మేలు ఒకటి ఉన్నది, అది మన కంటికి కనబడదు. యాష్ చెట్ల బెరడు కింద తొలిచే పచ్చపురుగు 2009లో సెయింట్ పాల్‌లో బయటపడింది. ఈ రాష్ట్రంలో సుమారు వంద కోట్ల యాష్ చెట్లు ఉన్నాయి. మైనస్ 30 ఫారెన్‌హీట్ దాకా చలి దిగితే ఆ పురుగు పిల్లలలో చాలా భాగం చచ్చిపోతాయి. అటువంటి రాత్రులు అరుదైపోతే ఉత్తరాన చిత్తడి అడవులను కాపాడే కావలివాడు లేనట్లే.

జవాబు: మూడో కన్ను

మనుషుల అభిప్రాయాల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక ఈ నాలుగు మాటలు. ఆ రోజు మామూలు కంటే వేడిగా ఉన్నదనుకునేవారు భూతాపాన్ని ఎక్కువగా నమ్ముతున్నారని, చల్లగా ఉన్నదనుకునేవారు తక్కువగా నమ్ముతున్నారని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2019లో ట్విట్టర్ సందేశాలను పరిశీలించిన మరో అధ్యయనం ప్రకారం, ఏది మామూలు వాతావరణమో మనం నిర్ణయించుకునేది గడిచిన రెండు నుండి ఎనిమిదేళ్ళ జ్ఞాపకంతోనే. తాత చూసిన చలి మనవడి కొలబద్దలో ఉండదు. హిమరేఖ గారి సహోద్యోగి చదువు తక్కువై అలా అడగడం లేదు, అందరి బుద్ధీ పనిచేసే తీరే అది.

ఇంకొక మాట. వాతావరణ విధానాలను సమర్థించే అమెరికన్లు మూడింట రెండు వంతులు లేదా అంతకంటే ఎక్కువ ఉండగా, అటువంటివారు సగం మంది కూడా లేరని జనం అనుకుంటున్నారని 2022 అధ్యయనంలో తేలింది. ఎదుటివారు ఒప్పుకోరన్న భయంతోనే చాలామంది నోరు విప్పడం లేదు. నిన్నటిదాకా నేనూ వారిలో ఒకడినే.

ప్రశ్న అడిగినవారు: హిమరేఖ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సరస్సుగట్టు గారు చెప్పినట్లే నిన్న మధ్యాహ్నం ఆయనను సరస్సు గురించి అడిగాను. అరగంట మాట్లాడారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు డిసెంబర్ మొదటి వారానికల్లా చేపలు పట్టే గుడిసెను ట్రక్కుకు కట్టి మంచు మీదకు లాగేవారట. తాను నిరుడు జనవరి రెండో వారం దాకా ఆగవలసి వచ్చిందని చెబుతూ చెబుతూ కాసేపు మాట్లాడకుండా ఉండిపోయారు. నేనూ మధ్యలో ఏమీ అనలేదు. తరువాత ఆయనే, "దీనికి కారణం మనుషులేనని నేను ఒప్పుకోను, కానీ మంచు మాత్రం మారింది" అన్నారు. వెచ్చని వేకువ గారి మాట గుర్తుకు వచ్చి, 2024 జనవరిలో నేను కూడా ఎంత సంతోషించానో ఆయనకు చెప్పాను. నాన్నగారు తేదీలు రాసుకున్న నోటుపుస్తకం అటక మీద ఉండాలని, శనివారం వెతికి తెస్తానని అన్నారు. గాలివాటం గారూ, పగలు రాత్రుల తేడా, స్ట్రాటోస్ఫియర్ చల్లబడటం గురించి ఒక పేజీ మించకుండా రాసి ఇవ్వగలరా? ఆయన చదువుతానన్నారు.