కలడో లేడో, కలడా లేడా?

సర్వర్‌గది: నోడ్‌లో, అంటే సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌తో, పనిచేసేవాళ్ళకి, అర్రేలో (విలువల వరుసలో) ఒక విలువ ఉందో లేదో చూడటం మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ఆ పని చేసే ఇన్‌క్లూడ్స్ అనే ఫంక్షన్ దగ్గరికొచ్చేసరికి గజేంద్రుడి పద్యం గుర్తొచ్చి వదలట్లేదు. "కలడు కలండనెడువాడు" తర్వాత "కలడో లేడో"నా, "కలడా లేడా"నా? మా ఇంట్లో రెండోలా పాడేవారు. ఫంక్షన్‌కి ఆ పేరే పెడదామని.

అరసున్న: ఓకారమే. కందానికి రెండూ సరిపోతాయి, ఏదైనా గురువే. అంటే పోతన కావాలనే ఓ వేశాడు. ఆకారమైతే ఎదుటివాణ్ణి అడగడం, ఓకారం తనలో తాను తేల్చుకోలేకపోవడం. మొసలి కాలు పట్టుకున్నవాడు ఎవర్ని అడుగుతాడు?

కందపద్యం: అంత గట్టిగా అనకండి. సర్వర్‌గది గారే "ఉందో లేదో చూడటం" అన్నారు, అందులో తల్లడిల్లడం ఎక్కడుంది? అయినా ఇన్‌క్లూడ్స్‌కి ఆ పేరు వద్దు. అది ట్రూ, ఫాల్స్ అని తేల్చేస్తుంది. 2016 ప్రమాణంలో అది రాకముందు విలువ ఏ స్థానంలో ఉందో చెప్పే ఇండెక్సాఫ్ పిలిచి, లేదనడానికి మైనస్ 1 వచ్చిందేమో చూసుకునేవాళ్ళం. అర్రేలో నాన్ (NaN, 'సంఖ్య కాదు' అనే విలువ) ఉన్నా ఇండెక్సాఫ్ మైనస్ 1 అనే అంటుంది, నాన్ తనకు తానే సమానం కాదు కనుక. ఇన్‌క్లూడ్స్ దాన్నీ పట్టుకుంటుంది.

అరసున్న: ఉన్నవాణ్ణి లేడనిపించేది ఇండెక్సాఫ్ అన్నమాట. "కలడో లేడో" దానికే పెట్టండి!

సర్వర్‌గది: ఆబ్జెక్టుల విషయంలో ఇన్‌క్లూడ్స్ కూడా అంతేనండీ. లోపలి వివరాలన్నీ ఒకటే అయినా, అది వేరే ఆబ్జెక్టు అయితే ఫాల్సే. అక్కడ, మనమిచ్చిన షరతుకి ఏదైనా సరిపోతుందా అని చూసే సమ్ (some) వాడాలి.

ఏడోస్కంధం: ఇద్దరూ భాగవతం ఎనిమిదో స్కంధంలోనే ఆగిపోయారు. ఏడులో హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి అడిగింది చూడండి: "ఈ స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్". ఫలానా చోట ఫలానావాడు, అవునా కాదా, అంతే. ఇన్‌క్లూడ్స్ అడిగేది అచ్చంగా ఇదే. ఇన్ ఆపరేటర్‌తో మాత్రం కలపకండి, అర్రేలో అది స్థానాన్ని చూస్తుంది, విలువను కాదు. పేరు గొడవ జావాస్క్రిప్ట్ ప్రమాణం రాసేవాళ్ళకూ తప్పలేదు: ముందు కంటెయిన్స్ అనుకున్నారు, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడే సైట్లు దెబ్బతింటాయని మార్చారు.

అరసున్న: "గలవె"లో ఎకారం ప్రశ్న అంటే ఒప్పుకోను. చూపలేవనే ధిక్కారం అది.

కందపద్యం: ధిక్కారం ఎకారంలో లేదు, "గిక్రిన్"లో ఉంది. పులీ గిలీ అన్నట్టు చక్రికి గిక్రి! సంస్కృతపదానికి మన ఇంటి "గి" తగిలించి, రాక్షసరాజు చేత దేవుణ్ణి ఒక్క అక్షరంతో తీసిపారేయించాడు. పోతనకి తప్ప ఎవరికి తడుతుంది?

సర్వర్‌గది: ఇంతకీ ఫంక్షన్ పేరు?

ఏడోస్కంధం: ఉండండి, "గిక్రిన్" చివరి ద్రుతం (న్) సంగతి ముందు చూద్దాం.