వీటో తీసేయకుండా ఐక్యరాజ్యసమితి బాగుపడుతుందా?

బరంపురం బాబాయ్:
నా మాట ఒకటే. భద్రతా మండలిలో ఐదు శాశ్వత సభ్య దేశాలకు (అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్) తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపేసే అధికారం ఉంది, అదే వీటో. ముందు అది పోవాలి, మిగతా సంస్కరణలన్నీ తర్వాత. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడి ఆపాలని భద్రతా మండలిలో తీర్మానం పెడితే, దాడి చేసిన రష్యానే వీటో వేసింది. 2023 డిసెంబర్ 8న గాజాలో కాల్పులు ఆపాలన్న తీర్మానాన్ని అమెరికా అడ్డుకుంది. ముద్దాయే తీర్పు రాసుకుంటుంటే శాంతి ఎక్కడి నుంచి వస్తుంది?

పర్లాకిమిడి పంతులు:
ఐక్యరాజ్యసమితి మూల ఒప్పందమైన చార్టర్‌లో 108వ అధికరణ చూశారా? సవరణకు సాధారణ సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, తర్వాత ఆ ఐదు దేశాలతో సహా మూడింట రెండొంతుల దేశాలు ఆమోదించాలి. వీటో తీసేయాలన్నా వాళ్ల సంతకమే కావాలి. 1965లో మండలిని 11 నుంచి 15కి పెంచారు, పెరిగినవి తాత్కాలిక సీట్లే. అందుకే అంటున్నా, అంతర్జాతీయ న్యాయస్థానం మీద దృష్టి పెట్టాలి. ప్రతి దేశం దాని పరిధిని మినహాయింపులు లేకుండా ఒప్పుకోవాలి.

రాయగడ రైతు:
కోర్టు సంగతి నన్నడగండి పంతులుగారూ. హద్దు దావాలో మా నాన్న గెలిచారు. డిక్రీ వచ్చింది. కొలతకు కోర్టు అమీను వస్తే అవతలివాళ్లు పదిమందిని అడ్డం నిలబెట్టారు, ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. నాన్న పోయారు, భూమి ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది. 1986లో నికరాగువా కూడా అమెరికా మీద హేగ్‌లోని ఆ అంతర్జాతీయ న్యాయస్థానంలో గెలిచింది. ఆ తీర్పు పాటించాలని మండలిలో తీర్మానం పెడితే అమెరికా వీటో వేసింది. అలాంటి గెలుపు ఎవరికి కావాలండీ?

బరంపురం బాబాయ్:
చూశారా, మళ్లీ వీటో దగ్గరికే వచ్చాం!

పర్లాకిమిడి పంతులు:
108 సంగతి చెప్పలేదు మీరు.

కొరాపుట్ కొండలు:
ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఉన్న కొటియా ఊళ్ల కోసం ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెళ్లింది. 2021లో ఆంధ్ర అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒకే దేశంలో, ఒకే సుప్రీంకోర్టు కింద ఉన్న రెండు రాష్ట్రాలకే తెగలేదు.

గోపాల్‌పూర్ గాలి:
తెగినవీ ఉన్నాయి అన్నా. 2014లో సముద్ర సరిహద్దు ట్రిబ్యునల్ బంగాళాఖాతంలో వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి ఇచ్చింది. మన మీద ఏ సైన్యమూ రాలేదు, అయినా మనదేశం ఒప్పుకుంది. నాకు అది గర్వంగానే ఉంది.

బరంపురం బాబాయ్:
సముద్రం వదులుకోవడం గర్వమా? మంచితనం చూపి చూపి ఇక్కడికొచ్చాం. 140 కోట్ల మంది ఉన్న దేశానికి శాశ్వత సీటు లేదు. సీటు రావాలి, వీటోతో సహా రావాలి.

పర్లాకిమిడి పంతులు:
ఇప్పుడు బయటపడింది. పొద్దున్నుంచీ వీటో అన్యాయం అన్నారు. మనకొస్తే న్యాయమైపోతుందా? 2005లో మనం, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి పెట్టిన ముసాయిదాలో కూడా పదిహేనేళ్ల తర్వాత సమీక్ష జరిగేదాకా కొత్త సభ్యులు వీటో వాడరనే ఉంది.

బరంపురం బాబాయ్:
మీరు మాట్లాడే కోర్టు మాటేమిటి? పాకిస్తాన్ లాంటి కామన్వెల్త్ దేశాలు మన మీద వేసే కేసులు వినకూడదని మనమే షరతు పెట్టుకున్నాం. మనం కూల్చిన తన విమానం గురించి పాకిస్తాన్ వేసిన కేసును 2000లో దాని వల్లే కొట్టేశారు. ఆ షరతు తీసేసి పాకిస్తాన్‌కి దొరికిపోమంటారా?

పర్లాకిమిడి పంతులు:
తీసేయమంటాను. పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన మన కుల్‌భూషణ్ జాధవ్ కోసం 2017లో అదే కోర్టుకి మనమే వెళ్లాం, 2019లో 15-1తో మనవైపు తీర్పొచ్చింది, ఆ ఉరిశిక్షను పునఃసమీక్షించాలని పాకిస్తాన్‌కి చెప్పింది. మనకు అవసరమైనప్పుడు తలుపు తట్టి, ఎదుటివాడు తడితే గడియ వేస్తే దాన్ని చట్టం అంటారా? మీకు కావలసింది మన బలం బాబాయ్‌గారూ. అందరికీ ఒకే చట్టం కాదు.

బరంపురం బాబాయ్:
అవును, బలమే కావాలి. బలం లేనివాడికి చట్టం ఏం చేసిందో రైతుగారు ఇందాకే చెప్పారు.

కొరాపుట్ కొండలు:
మధ్యలో ఒక మాట. 2022 ఏప్రిల్ నుంచి ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సాధారణ సభ కూర్చుని దాని మీద చర్చించాలి. చార్టర్ సవరించకుండానే సాధించారు. ఇలాంటివి ఇంకో నాలుగు తెస్తే బాగుంటుంది.

బరంపురం బాబాయ్:
చర్చిస్తారు, మళ్లీ వీటో వేస్తారు.

పర్లాకిమిడి పంతులు:
వేయనివ్వండి. 193 దేశాల ముందు నిలబడి ఎందుకు వేశారో చెప్పుకోవాల్సిన ఒత్తిడి ఉంటుంది కదా.

రాయగడ రైతు:
మా అవతలివాళ్లు కూడా ఊరందరి ముందు నిలబడి చెప్పారండీ, పొలం ఇచ్చేది లేదని.