మూజువాణిలో ‘వాణి’ ఎక్కడిది?

‘మూజువాణి ఓటుతో బిల్లు ఆమోదం’ అని పేపర్లో చదివి మా అమ్మాయి అడిగింది: వాణి అంటే గొంతు, మరి మూజు అంటే ఏంటి నాన్నా? తెలిసినవాళ్లు చెప్పండి.

— అది సంస్కృతం వాణి కాదండీ. ఉర్దూలో ‘ముహ్ జబానీ’ అంటే నోటిమాటగా అని. ముహ్ నోరు, జబాన్ నాలుక. మన నోళ్లలో పడి మూజుబానీ అయింది. చివరి ముక్క మనకు అలవాటైన ‘వాణి’లా వినిపించి మూజువాణిగా నిలబడింది. మా తాతయ్య ‘కాగితం ఏమీ లేదు, మూజుబానీ కౌలే’ అనేవారు.

సభలో స్పీకర్ అడగ్గానే ఒప్పుకునేవాళ్లు ఔనని, ఒప్పుకోనివాళ్లు కాదని గట్టిగా అంటారు. ఏ వైపు ఎక్కువుందో విని స్పీకర్ ప్రకటిస్తారు. ఎవరు ఎటన్నారో లెక్క మిగలదు, అది కావాలంటే డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని, అడగాలి. 2014లో రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరిస్తూ జనవరి 30న మన అసెంబ్లీ చేసిన తీర్మానం మూజువాణితోనే నెగ్గింది. ఫిబ్రవరి 18న అదే బిల్లు లోక్‌సభలో నెగ్గిందీ మూజువాణితోనే. అప్పుడే ఈ మాట ఇంటింటా వినపడింది.

— మా ఊరి గ్రామసభలో నోరు తెరిచే పనే ఉండేది కాదండీ. ‘అందరికీ సమ్మతమేగా’ అని, జవాబు వచ్చేలోపే ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రిజిస్టరులో రాసేసేవారు. సంతకాలు, వేలిముద్రలు, టీ. అంతే. ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులేనని రాజ్యాంగం 243వ అధికరణంలోనే ఉంది. ఎంతమందికి తెలుసు? నాకే ఆలస్యంగా తెలిసింది. మా నాన్నగారి రోజుల్లో ఓటుకు 21 నిండాలి, 1989 నుంచి 18 చాలు.

కిందటిసారి, కొత్తగా ఓటొచ్చిన మా అమ్మాయి లేచి ‘తీర్మానం ఇంకోసారి చదవండి సార్’ అంది. చదివారు. బోరు గుడి వెనక వేస్తారట. అరుగు మీద కూర్చున్న మా అమ్మ అక్కడినుంచే, ‘అక్కడ రెండుసార్లు వేశారు నాయనా, చుక్క పడలా’ అంది. ఇద్దరు ముసలాళ్లు ఔనన్నారు. ఆ లైను కొట్టేసి, చెరువుగట్టు వైపు అని రాశారు. అమ్మకు ఆ సంగతి ఎప్పుడూ తెలుసు. అడిగినవాళ్లే లేరు.

— ఇదే అసలైన మూజుబానీ అండీ! మీ వైపు పెద్దవాళ్లు ఇంకా ‘బానీ’ అనే అంటారా?

— అమ్మ అంటుంది. అమ్మాయి ఇప్పుడే నేర్చుకుంది.