బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించడం తప్పా?

కొత్తతల్లి_ఖమ్మం: మా బాబుకి నాలుగేళ్లు. తినకపోతే మా అత్తయ్య "బూచాడొచ్చి సంచిలో వేసుకుపోతాడు" అంటారు. తింటాడు గానీ, ఇప్పుడు చీకటి పడితే పక్క గదిలోకి కూడా వెళ్లడం లేదు. నిన్న రాత్రి పక్క తడిపాడు. ఆమెకు ఎలా చెప్పను?

అమ్మమ్మ_తెనాలి: నలుగురిని పెంచాను తల్లీ. అందరికీ బూచినే చూపించాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేతికిచ్చి తినిపించడం కంటే నయమే కదా?

పదాలపిచ్చి: మా ఇంట్లో బూచి వేరు, బూచాడు వేరు. బూచి అంటే మొహానికి కొంగు కప్పుకుని తీసే ఆట, చంటిపిల్లలు కిలకిలా నవ్వుతారు. ఎత్తుకుపోయేవాడు బూచాడు.

రవి_36: రాత్రిళ్లు వచ్చి పిలిచే ఆడదెయ్యం లోపలికి రాకుండా మా ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజుల్లో, నేను ఏడిస్తే మా నాన్నమ్మ తలుపు తీసేస్తాననేది. ఇప్పటికీ రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకను.

అమ్మమ్మ_తెనాలి: ఆ మాత్రం భయం ఉండాలి బాబూ. మమ్మల్ని బుడబుక్కలవాడికి ఇచ్చేస్తామనేవాళ్లు. తెల్లవారుజామున అతని డమరుకం చప్పుడు వినబడితే దుప్పటి ముసుగు తీసేవాళ్లం కాదు. అయినా బాగానే బతికాం.

సీతాఫలం: మా పాపకి ఇంజెక్షన్ డాక్టరే బూచాడు. ఆస్పత్రి గుమ్మం ఎక్కదు.

బుడబుక్కతాత_మనవడు: అమ్మమ్మగారూ, ఆ బుడబుక్కలవాడు మా తాత. తలపాగా, ఎవరో ఇచ్చిన పాత కోటు వేసుకుని "అంబ పలుకు, జగదంబ పలుకు" అంటూ తిరిగేవాడు. సంచిలో ఉండేవి బియ్యం, పాత బట్టలు. ఏడేళ్లప్పుడు ఒకసారి వెంట వెళ్లాను. ఒకింట్లో నా ఈడు పిల్లాడు నన్ను చూసి వాళ్లమ్మ చీర పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చాడు. నా చేతిలో బియ్యం పోయించుకునే డబ్బా తప్ప ఏమీ లేదు.

పదాలపిచ్చి: అదే చెప్తున్నా. బూచి అని ఆపేస్తే ఈ గొడవే లేదు.

బుడబుక్కతాత_మనవడు: మాట గురించి కాదండీ! ఆ మాట ఎవరి మీద పడుతోందన్నదే నా బాధ.

అమ్మమ్మ_తెనాలి: ముద్ద పెడుతూ అన్న మాటకి మమ్మల్ని పాపాత్ములను చేస్తారా? పొద్దంతా పొలంలో చేసి వచ్చి, ఒక్కదాన్నే నలుగురికి కలిపి పెట్టాను. పక్కన చెయ్యి సాయం చేసినవాళ్లు లేరు. ఇప్పుడు అంతా తప్పంటే నా బతుకంతా తప్పన్నట్టే కదా.

కొత్తతల్లి_ఖమ్మం: అయ్యో, మా అత్తయ్య కూడా మొన్న సరిగ్గా ఇదే అన్నారు.

బుడబుక్కతాత_మనవడు: మీ కష్టాన్ని కాదనడం లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో పుకారు లేచింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపేశారు. సంచి భుజాన వేసుకున్న కొత్తమనిషిని చూస్తే జనానికి ముందు ఏం తడుతుందో నాకు తెలుసు. ఆ నెలంతా మా నాన్నను ఊళ్లు తిరగనివ్వలేదు.

రవి_36: ఆ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులోనూ వచ్చింది. నేనూ ఇంకొకరికి పంపాను.

అమ్మమ్మ_తెనాలి: బూచి అనడం నేను మానను నాయనా, అది నా నోటికి అలవాటు. సంచి ఊసు, మీ తాత ఊసు మాత్రం పిల్లల ముందు ఇక ఎత్తను. మీ నాన్న ఇప్పుడు ఎలా ఉన్నాడు?