వీలునామాకు సాక్షి సంతకం చేసిన వకీలే దావా నడపవచ్చా?

ప్రశ్న ఇది: వీలునామా రాసిపెట్టి, సాక్షిగా సంతకం కూడా చేసిన వకీలు గారే ఆ వీలునామా మీద నడుస్తున్న భాగపంపిణీ దావాలో మన తరఫున వాదించవచ్చా? కూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 13వది చాలా స్పష్టం. తాను సాక్షి అవుతానని నమ్మే కారణముంటే కేసే తీసుకోకూడదు. మధ్యలో తెలిస్తే, క్లయింటుకు నష్టం లేకుండా తప్పుకోగలిగినప్పుడు తప్పుకోవాలి. కాబట్టి ఆలస్యం చేయొద్దు. విచారణ మొదలయ్యాక తప్పుకోవడమే కష్టం.

వీలునామా రిజిస్టరైనా సరే, భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షన్ ప్రకారం బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరిని పిలవాల్సిందే. రెండో సాక్షి దొరికితే ఆయన చాలు కదా అనిపిస్తుంది. కానీ వీలునామా ఎవరిదో ఆయన మతి స్థిమితం మీదే గొడవైతే ఆ రోజు అక్కడున్న వకీలు గారి మాటే కీలకం. ఆయనే మన లాయరైతే క్రాస్‌లో (ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నించేటప్పుడు) మొదటి దెబ్బ అక్కడే పడుతుంది.

చేయాల్సింది: పాత వకాలత్ (లాయరుకు మన తరఫున వాదించే అధికారమిచ్చే పత్రం) కోర్టు అనుమతితో రద్దు, కొత్త లాయరుకు కొత్త వకాలత్, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యాక 15 రోజుల్లోపు సాక్షుల జాబితాలో ఆ పాత వకీలు గారి పేరు.

ఈ నియమాన్ని ఎదుటివాళ్లు ఊరికే మన వకీలును తప్పించే ఆయుధం చేసుకోలేరు. అవతలి వకీలును సాక్షిగా పిలవాలంటే ఆయన సాక్ష్యం ఎందుకు అవసరమో చూపాలని 2011లో కొక్కండ పూండచ్చ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.