కీమో తర్వాత లేచిపోయిన గోరును ఎక్కడివరకు కత్తిరించాలి?

పర్లాకిమిడిలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చే ఒక అక్కకు రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చారు. చివరి డోసు అయి రెండు నెలలైంది. రెండు బొటనవేళ్ల గోళ్లు కొస నుంచి సగం దాకా చర్మాన్ని వదిలేసి తెల్లబడ్డాయి. మిగతా గోళ్ల మీద అడ్డంగా గాడులు పడ్డాయి. చీము, వాసన, ఎరుపు ఏమీ లేవు. కానీ కుచ్చిళ్లు సర్దుకునేటప్పుడు గోరు కొస జరీకి తగులుకుంటే ఆమె ప్రాణం విలవిలలాడిపోతోంది.

గోళ్లు పొట్టిగా కత్తిరించి, మెత్తని ఫైలుతో ఒకే వైపుకు నునుపు చేశాను. రాత్రిపూట కొబ్బరినూనె రాయమన్నాను. అసిటోన్, జెల్ పాలిష్ దగ్గరికి రానివ్వలేదు, గోరు మొదట్లోని చర్మాన్ని అసలు ముట్టుకోలేదు. గోరు కింద పుల్ల పెట్టి శుభ్రం చేయడమూ మానేశాను. ఇన్ఫెక్షన్ వస్తే ఈ స్థితిలో ఆమె తట్టుకోలేరు. అయినా రెండు మూడు రోజులకే కొస మళ్లీ గరుకెక్కుతోంది. పట్టీ వేస్తే లోపల చెమ్మ నిలుస్తోంది. డాక్టరును కలిసేది వచ్చే నెలలో, విశాఖలో. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఎలాగూ ఆరు నెలలు పడుతుంది.

ఇలాంటి గోళ్లు చూసిన నర్సులు, పార్లర్ వాళ్లు చెప్పండి: లేచిన భాగాన్ని గోరు అతుక్కుని ఉన్న గీత దాకా కత్తిరించేయాలా, కొంత వదిలి ఉంచాలా?