యుద్ధం నడుస్తుండగా కప్ ఫైనల్ ఆడించడం సబబేనా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. 2025 మే నెలలో సరిహద్దు ఉద్రిక్తతల వల్ల ఐపీఎల్‌ను వారం రోజులు నిలిపివేసినప్పుడు మా ఊరి ఫుట్‌బాల్ సంఘంలో మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంగ్లండు కూడా ఆటలు కట్టిపెట్టిందని పెద్దలు, 1915లో సైనికులు ప్రేక్షకులుగా ఉండగానే అక్కడి ప్రధాన ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్ జరిగిందని కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

బరంపురం నుంచి జవాబు:
ఇరువైపుల మాటలోనూ నిజముందండి. 1915 ఏప్రిల్ 24న మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో షెఫీల్డ్ యునైటెడ్ 3-0తో చెల్సీని ఓడించింది. అంతకుముందు ఫైనల్ జరుగుతూ వచ్చిన లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను నౌకాదళం తీసుకోవడంతో వేదిక మారింది. ప్రేక్షకుల్లో యూనిఫారంలో ఉన్న సైనికులు ఎందరో కనిపించినందున దానికి ఖాకీ కప్ ఫైనల్ అనే పేరు స్థిరపడింది. అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు, అది 1916లో వచ్చింది. సైన్యంలో చేరడం ఎవరి ఇష్టం వారిదైనందువల్లనే, మైదానంలో పరుగెత్తే ప్రతి దృఢకాయుడూ యుద్ధభూమికి ఎందుకు వెళ్లలేదన్న నిందను మోయవలసి వచ్చింది. ఆ ఫైనల్ తర్వాత యుద్ధం ముగిసేవరకు కప్పు పోటీ జరగలేదు.

నాకు మాత్రం ఆ ఫైనల్లో ఆడని మనిషే ముఖ్యుడు. చెల్సీ ఆటగాడు వివియన్ వుడ్‌వర్డ్ అప్పటికే సైన్యంలో అధికారి. ఫైనల్ కోసం ఆయనకు సెలవు దొరికినా, జట్టును అంతవరకు తెచ్చిన వారిలో ఒకడైన బాబ్ థామ్సన్ స్థానాన్ని తాను ఆక్రమించడం న్యాయం కాదని తప్పుకున్నాడు. ఆటగాళ్లను పిరికివాళ్లని తిట్టిన పెద్దమనుషుల్లో ఎందరికి ఆ పాటి మర్యాద ఉండేదో!

రాయగడ నుంచి జవాబు:
రెండో ప్రపంచ యుద్ధంలో సమస్యే వేరు. 1939లో యుద్ధం మొదలైనప్పుడే నిర్బంధ సేవ వచ్చింది గనుక ఆటగాళ్లను నిందించడానికి పెద్దగా తావు లేకపోయింది. భయమంతా జనం గుమిగూడిన చోట పడే బాంబుల గురించే. ఎఫ్‌ఏ కప్ ఆగిపోగా, దాని బదులు లీగ్ వార్ కప్ నడిపారు. ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్‌లో చిక్కుకున్న బ్రిటిష్, మిత్రదేశాల సైనికులను ఓడల్లో తరలించడం ముగిసిన నాలుగో రోజున, 1940 జూన్ 8న, వెంబ్లీలో 42 వేల మందికి పైగా చూస్తుండగా వెస్ట్ హామ్ 1-0తో బ్లాక్‌బర్న్ రోవర్స్‌పై గెలిచింది. మరుసటి ఏడాది మే 10న అదే కప్ ఫైనల్లో ఆర్సెనల్, ప్రెస్టన్ జట్లు 1-1తో సమంగా నిలిచిన రోజు రాత్రే లండన్‌పై అతి భీకరమైన వైమానిక దాడుల్లో ఒకటి జరిగింది. ఆ ఫైనల్ పెట్టడం ధైర్యమంటారు గాని, నేనైతే అదృష్టమంటాను. బ్లాక్‌బర్న్‌లో తిరిగి ఆడినప్పుడు ప్రెస్టన్ 2-1తో గెలిచింది.

గుణుపురం నుంచి జవాబు:
మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదేమి? మన నాయకులను సంప్రదించకుండానే వైస్రాయి మనల్ని యుద్ధంలోకి దించిన మరుసటి ఏడాది, 1940లో, ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ 2-1తో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. ఆ కప్పును గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. యుద్ధం పేరుతో ఆ ఏడాది కూడా పోటీ రద్దు చేసి ఉంటే ఎవరికి లాభమో మీ సంఘంలో అడిగి చూడండి.

పర్లాకిమిడి నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. తప్పకుండా అడుగుతాను. వార్ కప్ విజేతలను ఎఫ్‌ఏ కప్ జాబితాలో కలుపుతారా?

రాయగడ నుంచి:
కలపరండి. 1939లో గెలిచిన పోర్ట్స్‌మత్ తర్వాత ఆ జాబితాలో వచ్చేది 1946లో గెలిచిన డెర్బీ కౌంటీయే.